లారీ ఒకటి, కిరాయిలు రెండు

మీర్‌పేట్ చివర తిరుపతమ్మ బర్రెల కొట్టం. ఆమె దగ్గర పాలు కొనే చైతన్యపురి ఆడపిల్లల హాస్టల్ యజమాని కుసుమకుమారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"అంతే తిరుపతమ్మా. రేపట్నుంచి ఇరవై లీటర్లూ వద్దు."

"అంతే అంటే ఎట్లమ్మా? మొన్ననేగా మీగడ మంచిగుందంటివి."

"మొన్న నీ బర్రెలు ఏం తింటున్నాయో నాకు తెలీదు."

"గడ్డి తింటున్నయ్. మీ హాస్టల్ పోరిల లెక్క పిజ్జాలు తింటయా?"

"ఆ గడ్డికి ఏం వేశావ్?"

"ఎరువు."

"ఏం ఎరువు?"

"నల్లటిది."

"తిరుపతమ్మా!"

"పాయఖానల మురుగు ట్యాంకుల అడుగున మిగులుతది చూడు, గా మట్టి. ఎండినంకనే గడ్డికి ఏస్త. వాసన రాదు... శాన రాదు."

"ఛీ ఛీ! పొద్దున్నే కాఫీ తాగొచ్చాన్నేను!"

"మంచిగ లేకుండెనా?"

"బాగానే ఉంది, అది కాదు! యూరియా వేసి చావచ్చుగా?"

"యూరియా కొని, దాణా కొని, గడ్డి గూడ కొంటె, లీటరు నూటయాభైకి పొయ్యాలె. ఇస్తవా? గీ మట్టికైతే లారీ కిరాయి పదిహేను వందలు, అంతే. గడ్డిల దూడ దూరితే దొరుకుతలేదు!"

"నాకొద్దమ్మా."

"నువ్వొద్దంటె గౌరిని అమ్ముడే."

"గౌరి ఎవరు?"

"నీ ఎనక నిలబడి నీ చీర అంచు నములుతున్నది."

"అయ్యయ్యో! నా చీర!"

"పోయినేడు దాని అక్కను అమ్మిన. ఎల్బీనగర్ చౌరస్తల బండి మలుగుతుంటె నా దిక్కే చూసింది. మూడొద్దులు బువ్వ తినలే నేను."

"ఏడవకు, ముందు చీర వదిలించు. ఇంతకీ ఆ మట్టి ఎక్కడిది?"

"హాస్టళ్ళది. స్టీఫెన్ తెస్తడు."

"ఏ స్టీఫెన్? పచ్చ లారీ, పగిలిన అద్దం?"

"గా స్టీఫెనే. నీకెట్ల ఎరుక?"

"మా ట్యాంకు మట్టి తీసేదీ వాడే! ఊరవతల పారబోయాలి మేడం అని నా దగ్గర రెండు వేలు గుంజాడు!"

"నా కాడ పదిహేను వందలు!"

"తీసుకెళ్ళినందుకు నేను..."

"తెచ్చినందుకు నేను! నీది ఎప్పుడు తీసిండు?"

"దసరా ముందు రోజు."

"అగో! గా దినమే తెచ్చి మా మూల మడిల పోసిండు."

"అంటే... అది మా మట్టే!"

"మీదే తల్లీ, పరాయోళ్ళది గాదు. ఇగ ఛీ ఛీ ఎందుకు?"

"ఆగాగు. మా సరుకుతో గడ్డి పెంచి పాలు మాకే అమ్ముతున్నావా? లీటరుకు ఐదు తగ్గించు."

"పాలు ఒద్దంటివి?"

"పాత రేటుకి వద్దన్నాను. ఆ స్టీఫెన్ని పిలువు. ఇకనుంచి ఒక్క లారీకి ఒక్క కిరాయి, చెరి సగం."

"అయితే గౌరి ఉంటది?"

"ఐదు తగ్గిస్తే ఉంటుంది."

"తగ్గిస్త. కని ఒక్క మాట, ఏమనుకోకు."

"చెప్పు."

"అన్ని మళ్ళల్ల గడ్డి నెత్తి దాటింది. నీ మట్టి పోసిన మూల మడిల మోకాలు దాటుతలేదు. ఆ పిల్లలకు జర కడుపునిండ బువ్వ పెట్టమ్మా."