ఎర్ర కాగితం మీద రెండో పేరు

జియాయీ ఊళ్ళో, హైస్కూలు గేటుకెదురుగా ఉన్న టిఫిన్ కొట్టు. మార్చి నెల, పొద్దున్న ఏడు గంటలు.

"అమ్మా, ఫోను నువ్వు తియ్యి! నా చేతుల నిండా పిండి."

"నాకెక్కడ ఖాళీ? పెనం మీద ఆరు గుడ్డట్లున్నాయి. అదిగో, మళ్ళీ మోగింది."

"అది మెయిలమ్మా. కెనడా నుంచి. ఇవాళ సరిగ్గా ఏడింటికి వస్తుందన్నారు. తెరువు. వద్దు, తెరవకు. అబ్బా, తెరువు!"

"తెరిచాను. అంతా ఇంగ్లీషే. ఇది నీ పేరు కదూ, పేజెన్ అని? దాని మీద రంగు కాగితం ముక్కలు రాలుతున్నాయి, పెళ్ళిలో చల్లినట్టు."

"ముక్కలు రాలుతున్నాయా? నిజంగా? సరిగ్గా చూడు!"

"చూస్తూనే ఉన్నాను. నీలంవి, పసుపువి. భలే ఉన్నాయి."

"సీటు రానివాళ్ళకి అవి రాలవమ్మా!"

"అయితే..."

"అయితే వచ్చేసింది! ఇలా ఇవ్వు ఫోను. పిండి అంటితే అంటనీ."

"ఏడవకు, నువ్వేడిస్తే నాకూ వస్తుంది, అట్టు మాడుతుంది. ఏయ్ అందగాడా, సోయా పాలు వేడిగానా, చల్లగానా? మా అమ్మాయికి కెనడాలో సీటొచ్చింది. ఇవాళ నీ అట్టులో గుడ్డు ఒకటెక్కువ. నీకూ అంతే, అందాల రాణీ, తొయ్యకు."

"అమ్మా, కింద ఇంకా ఉంది. 'మీ కొట్టు వెనక కాలవగట్టు మట్టి గురించి మీరు రాసిన వ్యాసాన్ని, మీ లైబ్రేరియన్ ఫాన్ మేడమ్ రాసిన ఉత్తరాన్ని మా కమిటీలో పైకి చదువుకున్నాం'ట. పైకి!"

"ఆ మట్టి డబ్బాలన్నీ నా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. పోనీలే, ఉండనీ. ఫాన్ మేడమ్ చల్లగా ఉండాలి. ఆవిడ అట్టులో ఇక రోజూ తులసి రెండాకులు ఎక్కువ."

"చూశావా? లియావ్ సారు ఒక్క ముక్క రాయకుండానే వచ్చింది. ఒక్క ముక్క!"

"నెమ్మది. అడుగో, రోడ్డు దాటుతున్నాడు."

"దాటనీ. ఈ పొద్దు కోసమే ఆర్నెల్లుగా కాచుక్కూర్చున్నాను."

"ఓనరమ్మా! నేనిక్కడికి రాకముందే వినేశాను, లైనంతా అదే మాట. పేజెన్, శభాష్! ప్రిన్సిపల్‌గారికి ఫోను కూడా చేసేశాను. మధ్యాహ్నానికల్లా గేటుకి ఎర్ర కాగితం అంటిస్తారు."

"థ్యాంక్యూ సార్. ఇదిగో మీ అట్టు, సాస్ లేకుండా. కాగితం మీద ఏం రాయిస్తున్నారు?"

"ఎప్పుడూ రాసేదే. 'మూడో సెక్షన్, జియెన్ పేజెన్, కెనడా లార్క్‌ఫీల్డ్ యూనివర్సిటీ.' దానికింద చిన్నక్షరాల్లో క్లాసు టీచరు పేరు. ఆనవాయితీ కదా."

"ఏ టీచరు?"

"అదేం ప్రశ్న? నేనే."

"ఓహో."

"ఇంకొకటి. రేపు పొద్దున్న జెండా ఎగరేసినప్పుడు నువ్వు మైకులో నాలుగు మాటలు చెప్పాలిట. గురువుకి కృతజ్ఞతలు, అలాంటివి. రాసి ముందు నాకు చూపించు."

"నేనెందుకు రాయడం? మీరే రాసుకోండి సార్. నేను చదివేస్తాను."

"నన్ను నేనే పొగుడుకుంటూనా? ఎవరైనా వింటే నవ్వుతారు."

"అక్టోబరులో మీరు నాతో అన్నదే కదా. 'సిఫారసు ఉత్తరం నువ్వే రాసుకురా, నేను ముద్ర వేస్తాను.' నన్ను నేను పొగుడుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది సార్."

"అందరు టీచర్లూ అదే చేస్తారమ్మా. ముప్ఫై ఆరు మందికి ఎవరు రాస్తారు, అదీ ఇంగ్లీషులో?"

"తప్పు పట్టలేదు సార్. ఇదిగో ఆర్డరు చీటీ, వెనక ఖాళీగానే ఉంది. పెన్ను ఇదిగో. అమ్మా, సార్‌కి స్టూలు."

"ఇప్పుడా? ఇంతమంది ముందా?"

"నా ఉత్తరం మీరెక్కడ దిద్దారు? క్లాసులో, ముప్ఫై ఆరు మంది ముందే కదా."

"ఓనరమ్మా, మీ అమ్మాయికి పొగరెక్కింది."

"కూర్చోండి మాస్టారూ. అట్టు చల్లారుతుంది."

"ఒకప్పుడు నన్ను కూడా అందరిలాగే 'అందగాడా' అని పిలిచేదానివి. ఈమధ్య ఏమిటి, మాస్టారూ మాస్టారూ అంటున్నావు?"

"అక్టోబరు నుంచి."

"సరే, సరే. ఏం రాయను? 'నా ఉన్నతికి కారకులు, పితృసమానులు అయిన...'"

"పితృసమానులు కొట్టెయ్యండి."

"ఏం?"

"మీరు నా ఉత్తరంలో 'నాయకత్వ లక్షణాలు' కొట్టేశారు. మూడేళ్ళు క్లాసు లీడర్ని నేను. సెలవు చీటీలకీ ఆలస్యం చీటీలకీ సంతకం బదులు వేసే మీ ముద్ర ఎప్పుడూ నా పెన్సిలు డబ్బాలోనే ఉండేది. అయినా కొట్టేశారు, ఎర్ర పెన్నుతో."

"నీ మీద నమ్మకంతోనే కదా ముద్ర నీ చేతికిచ్చాను?"

"బద్ధకంతో సార్. ఊఁ, రాయండి."

"'...ఎంతో ఓపికతో దారి చూపిన...'"

"ఓపిక కొట్టెయ్యండి. మార్కుల జాబితా ఇంగ్లీషులో కావాలంటే మూడు వారాలు తిప్పారు. 'చురుకైన పిల్ల' అని నేను రాసినచోట, పక్కన మీరేం రాశారో గుర్తుందా?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా? నేను మందలించబట్టే నీకు పట్టుదల పెరిగింది. అలా చూడాలి."

"'నూనె వాసన' అని రాశారు. రాసి పైకి చదివారు. 'గుడ్డట్లు తిప్పే చెయ్యి అక్కడికెళ్ళి ఏం తిప్పుతుంది?' అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ కాగితం ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో పడేశాను. మీ ముద్ర కోసమని శుభ్రంగా ప్రింటు తీసిన ఇంకో కాపీని కూడా."

"మాస్టారూ, ఇంకో గ్లాసు పాలు పొయ్యనా?"

"వద్దు. చూడు పేజెన్, నీ మంచికే అన్నాను. జనవరిలో ఇక్కడి పరీక్ష రాసి మెడిసిన్‌లో చేరాల్సినదానివి. నువ్వు రాయకపోబట్టి మా సెక్షన్‌కి అయిదు సీట్లు రావాల్సింది నాలుగే వచ్చాయి. పక్క సెక్షన్‌కి అయిదు. స్టాఫ్ రూములో నా తలెక్కడ పెట్టుకోను?"

"అదీ అసలు సంగతి. అది రాయండి."

"ఏది?"

"'సెక్షన్ లెక్క తగ్గుతుందని పేజెన్‌కి నేను సిఫారసు ఉత్తరం ఇవ్వలేదు. నా ఉత్తరం లేకుండానే ఆమె సీటు తెచ్చుకుంది.' రేపు మైకులో ఇదే చదువుతాను, ఒక్క అక్షరం మార్చకుండా. అప్పుడు ఎర్ర కాగితం మీద మీ పేరు ఎంత పెద్దగా రాయించుకున్నా నాకేం అభ్యంతరం లేదు. ఏం సార్, పెన్ను ఆగింది?"

"రాయొచ్చు. రాస్తే మునిగేది నేను కాదు."

"అంటే?"

"ఫిబ్రవరిలో ఆ లార్క్‌ఫీల్డ్ వాళ్ళు నాకు మెయిలు పెట్టారు. 'పోస్టులో మీ ముద్రతో ఒక సిఫారసు ఉత్తరం అందింది, అది మీరిచ్చిందేనా' అని."

"ఏ ఉత్తరం? నేను కవర్లో పెట్టింది ఫాన్ మేడమ్‌ది ఒక్కటే!"

"కాపీ కూడా పంపారు. నాయకత్వ లక్షణాలున్నాయి. చురుకైన పిల్ల ఉంది. నూనె వాసన లేదు. కింద ఎర్రగా నా ముద్ర. ఆ ముద్ర ఎవరి డబ్బాలో ఉండేదో ఇప్పుడే నీ నోటితో చెప్పావు."

"నేను వెయ్యలేదు! ఒట్టు సార్, నాకు తెలీదు."

"ముద్ర తనంతట తాను నడిచి వెళ్ళిందా?"

"మరి... మీరేం జవాబిచ్చారు?"

"నాదేనన్నాను."

"ఎందుకు?"

"కాదంటే, నా ముద్ర పిల్లల డబ్బాలో ఎందుకుందని ప్రిన్సిపల్ అడుగుతాడు. అందుకని. ఇప్పటికైనా మించిపోయింది లేదు. 'పొరపడ్డాను, అది దొంగ ఉత్తరం' అని ఒక్క మెయిలు చాలు. కాబట్టి పితృసమానులు ఉంటుంది. ఓపిక కూడా ఉంటుంది. రేపు గొంతు సవరించుకుని చక్కగా చదువు."

"అమ్మా, విన్నావా? నేను వెయ్యలేదమ్మా. ఆ కవరు పోస్టాఫీసుకి తీసుకెళ్ళింది నువ్వే కదా, అందులో ఇంకేమైనా... అమ్మా? అట్టు మాడుతోంది."

"మాడనీ. పేజెన్, కమిటీలో పైకి చదువుకున్న ఉత్తరం ఎవరిదన్నావు?"

"ఫాన్ మేడమ్‌ది."

"ఈయన పేరుందా అందులో?"

"లేదు. ఎక్కడా లేదు."

"మరి రేపు ఈయన రాసింది చదువుతావా?"

"చదవను. ఇవాళే వాళ్ళకి నేనే రాస్తాను. ఆ ముద్ర ఉన్న కాగితం తీసి పక్కన పెట్టి, మిగిలింది చూసి చెప్పండి అని."

"సీటు పోతే?"

"పోతే వచ్చే ఏడు మళ్ళీ పెడతాను. ఎర్ర కాగితం మీద నా పేరు కింద మాత్రం ఈయన పేరు ఉండకూడదు."

"అంత పంతమా? ఓనరమ్మా, నువ్వైనా చెప్పు పిల్లకి! దొంగ ముద్ర వేసిందని తెలిస్తే ఇక ఏ దేశంలోనూ సీటివ్వరు."

"అది వెయ్యలేదులే, అందగాడా."

"ఏంటీ? మళ్ళీ అందగాడా అంటున్నావు?"

"చెత్తబుట్టలో రెండు కాగితాలు దొరికాయి. ఒకదాని నిండా ఎర్ర గీతలు, ఒకటి శుభ్రంగా ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. ఏది పంపాలో మాత్రం తెలిసింది. దీని పెన్సిలు డబ్బా బల్ల మీదే ఉంది."

"అమ్మా!"

"నువ్వుండు. నీకు చెప్పకుండా చేశాను, ఆ తప్పు నాది, వాళ్ళకి రాసేటప్పుడు అదీ రాయి. రేపు కొట్టు మూసేస్తున్నాను. జెండా కింద మైకు పట్టుకునేది మా అమ్మాయి కాదు, నేను. ముద్ర వేసింది నేనేనని చెప్తాను. ఆ తర్వాత, 'ఆ ఉత్తరం నాదే' అని కెనడాకి నువ్విచ్చిన జవాబు చదివి వినిపించడానికి నిన్నే పిలుస్తాను. కాస్త తల దువ్వుకుని రా, అందగాడా."