కాళ్లల్ల ఉన్న ఆట

దవాఖాన నుంచి తిరిగొస్తూ, మగ్గం నేసే గండయ్య, ఆయన కూతురు, పదో తరగతి చదివే అఖిల చిట్యాల బస్టాండులో బల్ల మీద ఊరి బస్సు కోసం కూర్చున్నారు. పోయిన వారం షటిల్ ఆడుతూ ఆ పిల్ల కోర్టులోనే కుప్పకూలింది.

“డాక్టరు నిన్నొక్కన్నే పిలిచి ఏం చెప్పిండు బాపు?”

“గుండెల వాల్వు ఖరాబైందట బిడ్డా. ఆపరేషన్ చేస్తడట.”

“మళ్ల ఎప్పుడు ఆడొచ్చట?”

గండయ్య దవాఖాన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఒక్కకాడ నిలబడి ఆడరాదా?”

“ఆట చేతులల్ల లేదు బాపు, కాళ్లల్ల ఉంటది. ముందటికి ఉరికి లేపాలె, ఎనుకకు పోయి ఎగిరి కొట్టాలె, కొట్టినంక మళ్ల నడుమకు రావాలె. ఒంట్లున్న సత్తువంత కాళ్లే గుంజుకుంటయి.”

“గా కాళ్లకు సరిపోయేంత రక్తం నీ గుండె పంపలేదట.”

“ఆపరేషన్ అయినంక గూడనా?”

“బతుకుతదన్నడు బిడ్డా. ఆడుతదని అనలేదు.”

ఇంతలో బస్సొచ్చింది, జనం ఎగబడ్డారు. సీటు పట్టడానికి ఎప్పటిలాగే ఆమె లేచి ఉరకబోయింది. గండయ్య చెయ్యి పట్టి ఆపాడు.

“బస్సు పోతాంది బాపు.”

“పోనీ బిడ్డా. ఇంకోటి వస్తది.”

అఖిల మళ్లీ బల్ల మీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.