అయిదేళ్ల గడువు

టైలరింగ్ కొట్టు. ఆయన ఆస్పత్రి నుంచి ఇప్పుడే వచ్చాడు. భార్య చొక్కాకి కాజాలు కుడుతోంది. తెర వెనక కూతురు ఇస్త్రీ చేస్తోంది.

"నవ్వాడే! కొత్త డాక్టరు నా మొహం మీదే నవ్వాడు."

"స్కానింగులో ఏముందటండీ? ముందు అది చెప్పండి."

"బాగుందట. గుండె దగ్గర రక్తనాళం చీలిన చోట వేసిన గుడ్డ గొట్టం చెక్కుచెదరలేదట. కుట్టు కూడా."

"హమ్మయ్య. లేవండి, అన్నం తిందురుగాని."

"ఉండు. అయిదేళ్లే అన్నారు గదా సార్, ఆరో ఏడు కూడా వచ్చేసింది, ఇంకెన్నాళ్లు అనడిగాను. ఎవరన్నారండీ అన్నాడు. పాత ఫైలు తిప్పి చూశాడు. ఆపరేషను చేసిన డాక్టరు మీ ఆవిడకి అప్పుడే అంతా చెప్పారే అన్నాడు."

"ఏం చెప్పారట?"

"నీకు తెలీదూ?"

"అయిదారేళ్ల నాటి మాట. ఏం గుర్తుంటుంది..."

"మాత్రలు మానకుండా, బరువులెత్తకుండా, ఏడాదికోసారి స్కానింగు చేయించుకుంటే పాతికేళ్లయినా ఉండొచ్చని! పాతికెక్కడ, నువ్వొచ్చి నాకు చెప్పిన అయిదెక్కడ?"

"అరవకండి. బీపీ..."

"చెప్పవేం?"

"ఏం చెప్పమంటారు? ఈ కొట్టులో ఎప్పుడూ చేసేదే చేశాను. శనివారం ఇవ్వాల్సిన బట్టలకి శనివారమనే చెబితే ఏనాడైనా కత్తెర పట్టారా మీరు? గురువారమంటేనే గదా శనివారానికి అయ్యేవి!"

"నా ప్రాణమూ, జాకెట్టూ ఒకటేనా నీకు?"

"సిగరెట్టు మానేశారా లేదా? పాతికేళ్లని చెప్పుంటే ఆస్పత్రి గేటు దగ్గరే వెలిగించేవారు."

"సరేలే, బతికించావు, మహాతల్లివి. మరి దాని సంగతి?"

"దేని..."

"అమ్మాయి సంగతే! ఓడ మీద ఆఫీసరుగా చేరమని ఆర్డరు వచ్చిన పిల్ల. నేను పోయేలోగా పని నేర్చుకోమని మెషిన్ ముందు కూర్చోబెట్టాను. ఇప్పుడు వెళ్తానన్నా వయసు దాటిందంటారు."

"మెల్లిగా. తెర వెనకే ఉంది."

"విననీ! దాని చేతులు చూశావా, ఎన్ని వాతలో? రోజూ నాకు మాత్రలు అందిస్తుంటే, నాలుగు రోజుల్లో పోయే నాన్న అని జాలి పడుతోందనుకున్నా. ఏ మొహం పెట్టుకుని చూడను దాన్ని? దాని గొంతు కోశావే నువ్వు!"

"నేను వెళ్లొద్దన్నానా దాన్ని?"

"వెళ్లమనీ అనలేదుగా!"

"అమ్మనేం అనకు నాన్నా."

"విన్నావా తల్లీ? అంతా విన్నావా?"

"కొత్తగా వినేదేముంది? అమ్మ నాకు ఆ రోజే నిజం చెప్పేసింది. ఆస్పత్రి వరండాలోనే."

"తెలుసా నీకు? తెలిసీ... నేనింకా పాతికేళ్లు ఉంటానని తెలిసీ, రమ్మనగానే నోరెత్తకుండా ఎందుకొచ్చావే?"

"అందుకే వచ్చాను. అయిదేళ్లే అయితే నీతో అమ్మ ఎలాగోలా లాక్కొస్తుందిలే అని ఓడ ఎక్కేసేదాన్ని. పాతికేళ్లు అమ్మ ఒక్కదాని వల్ల కాదు నాన్నా."