వందకు వంద వచ్చిన కాల్

ఒక్క సంతకం కోసం హైదరాబాద్ నుంచి కారేసుకొని వచ్చిండ్రా సార్? ఫోన్ల నాలుగు తిట్టినా అయిపోతుండె గదా! నాకు తిట్లు కొత్తనా? పదకొండేండ్లు ఈ విత్తనాల కంపెనీ టోల్‌ఫ్రీ ఫోన్ కాడ కూసున్న. మొలక రాలేదని ఒకలు, పూత రాలిందని ఒకలు, పురుగు తిన్నదని ఒకలు... రైతులు తిట్టని తిట్టు లేదు.

కూసోండ్రి మల్లికార్జున్ సార్. అది కాదు, ఆ కుర్చీ కాలు ఊగుతది. ఇగో, ఇటు.

ఆ కాయితమేనా? నా టేబుల్ మీదనే ఉన్నది. "పాఠం పరీక్షించబడినది, బోధనకు సిద్ధం." కింద ట్రైనర్ శోభారాణి అని మీరే టైప్ కొట్టిచ్చిండ్రు. సోమవారం ముప్పై మంది కొత్తోళ్లు దిగుతాండ్రు, వానలు పడంగనే కాల్స్ మొదలైతయి. నాకు ఎర్కే సార్. ఎర్కలేక కాదు.

ట్రయల్ చెయ్యిమన్నది మీరే గదా? మీ మెయిల్ మూడుసార్లు చదివిన. పాఠం అందరికి చెప్పేముందు ఒక్కరిని కూసోబెట్టి చెప్పాలె, ఎక్కడ తట్టుకుంటాండ్రో రాసుకోవాలె. అటెన్క ఐదుగురికి. అటెన్క నిజం ఫోన్ల కాడ. తప్పులు దిద్దుకున్నంకనే పెద్ద క్లాస్. టైలర్ జాకెట్‌కు కచ్చాకుట్టు వేసి తొడిగి చూస్తడు, గట్లనే గదా. మంచిగ సమజైంది. ప్లాన్ గూడ రాసిన. ఏ రోజు ఎవరు, ఏం అడగాలె, ఏం చూడాలె, అన్నీ రాసిన.

పిల్లలు ఏ మాట కాడ తడబడ్తరో దొరుకుతదనుకున్న. దొరికింది వేరే.

ప్రీతి తెలుసు గదా మీకు, కాజీపేట పిల్ల? డిగ్రీ అయి మొన్ననే చేరింది. పోయిన శుక్రవారం పొద్దున ఈ రూంలనే కూసోబెట్టిన. "కోపంగా ఉన్న రైతుతో మాట్లాడటం", అదే పాఠం. నడుమల ఒక రికార్డింగ్ ఉన్నది. మంచి కాల్ అంటే ఎట్లుండాలె అని వినిపించేది. రెండేండ్ల కింది కాల్. వందకు వంద మార్కులు.

అది నాదే సార్. మీకు తెలువదా? మీరు అటెన్క వచ్చిండ్రు. ఆ కాల్ తోనే నన్ను ఫోన్ కాడికెల్లి లేపి ట్రైనర్‌ను చేసిండ్రు.

నెక్కొండ దిక్కు ఒక పెద్దాయినె. పత్తి గింజ పెట్టి పది రోజులైంది, ఒక్కటి మొలవలేదని మండిపడ్తాండు. మీరు దొంగలు, మీ కంపెనీల మన్ను వడ అంటాండు. నేను నడుమ ఒక్క మాట అడ్డం రాలె. ఆయిన అలిసిపోయేదాక విన్న. విని, "మీ బాధ నాకు అర్థమైంది సారయ్య గారూ. రెండు రోజుల్లో మా ఆఫీసర్ మీ చేనుకు వస్తారు. అప్పటిదాకా చేను కదిలించకండి" అన్న. ఫోన్ల భాష వేరే గదా! ఇంట్ల గట్ల మాట్లాడితే మా ఆయిన నవ్వుతడు. ఆఖరికి ఆ పెద్దాయినె కోపమంతా దిగిపోయి, "సల్లగుండు బిడ్డా" అని పెట్టేసిండు.

ఆ మాట నాకు ఎంత ముద్దుగుండెనో! ఎన్నిసార్లు విన్ననో నాకే తెలువది.

ప్రీతి కండ్లు మూసుకొని విన్నది. ప్లాన్ల ఉన్నట్టే అడిగిన, "ఎక్కడన్న సమజ్ కాలేదా?" అని.

"అంతా సమజైంది మేడం. ఒక్కటే డౌట్. ఆఫీసర్ పోయిండా?"

"ఆఁ?" అన్న.

"అదే మేడం, రెండు రోజులకు పోయిండా? ఆ తాతకు ఏమైంది?"

నవ్వకుండ్రి సార్. మీ మార్కుల కాయితంల ఆ ప్రశ్నకు జాగ లేదు. గొంతుకు ఇరవై ఉన్నయి, ఓపికకు ఇరవై ఉన్నయి, పేరు పెట్టి పిలిస్తే పది. ఆఫీసర్ పోయిండా అనే దానికి ఏమున్నది? "అది మన పని కాదమ్మా, ఫీల్డోళ్ల పని" అన్న. ఆ పిల్ల బుద్ధిగ నోట్‌బుక్ తీసి రాసుకున్నది. "ఆఫీసర్ పోవుడు మన పని కాదు" అని. కింద గీత గూడ కొట్టింది.

ఆ గీత చూసినంక నాకు అన్నం పోలె.

మధ్యాహ్నం పాత ఫిర్యాదు కంప్యూటర్ల తీసిన. "పరిష్కరించబడినది. కస్టమర్ తృప్తి చెందారు." మూసిందెవలు? నా ఐడీనే. మూడో రోజే మూసిన. అందరం గట్లనే మూస్తుంటిమి సార్. మూడు రోజులు దాటితే అది ఎర్రగైతది, టీం పేరు ఖరాబైతది. మూస్తే పచ్చగైతది. పచ్చగుంటే ఎవలడుగుతరు?

ఆదివారం ప్యాసింజర్ బండెక్కి నెక్కొండ పోయిన. నన్నెవలు పొమ్మనలె. ఛార్జీలు గూడ మిమ్మల్ని అడగలె, అడగను. స్టేషన్ల దిగి ఆటో మాట్లాడుకొని ఆ ఊరికి పోయి, సారయ్య ఇల్లేది అని అడిగిన. అరుగు మీద కూసున్నోళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకొని నవ్విండ్రు. "ఎవలు, ఆఫీసర్ సారయ్యనా?" అన్నరు.

నాకు అప్పుడు సమజ్ గాలె. ఆయిన ఆఫీసర్ ఎట్లైండని అనుకున్న.

పోయేసరికి పారకు కామ చెక్కుతాండు. బక్కగ, పొడుగ్గ ఉన్నడు. కంపెనీ నుంచి వచ్చిన, పాత ఫిర్యాదులు అడిగి రాసుకుంటాన్నం అని చెప్పిన. తిడతడనుకున్న సార్. తిడితే బాగుండని గూడ అనుకున్న. మంచం వాల్చి కూసోమన్నడు. ఆయిన భార్య పూలమ్మ చాయ పెట్టుకొచ్చింది.

రెండు రోజులన్నం గదా? ఆయిన పన్నెండు రోజులు చూసిండట! రోజు పొద్దుగాల తెల్లంగి తొడుక్కొని గట్టు మీద కూసునుడు. ఆఫీసరు వస్తే మనిషి దొరకాలె గదా, అందుకని. అంటుకొని ఉన్న చేన్లోళ్లు మల్ల దున్ని మల్ల గింజ పెట్టుకున్నరు. బామ్మర్ది వచ్చి "బావా, అదును పోతాంది, దున్నే" అన్నడట. ఈయిన, "లేదురా, కదిలియ్యద్దన్నది ఆ పిల్ల. గంత మంచిగ చెప్పింది, రాకుండ ఎట్లుంటరు?" అన్నడట.

రెండుసార్లు మల్ల ఫోన్ చేసిండు. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని మిషిన్ చెప్పింది. అంటే ఆఫీసర్ బయలెల్లిండు కావచ్చు అనుకున్నడు సార్! గట్ల అనుకున్నడు!

పదమూడో రోజు నాగలి కట్టిండు. అప్పటికి వాన ఎనక్కి పోయింది. మల్ల పెట్టిన గింజ మన్నుల్నే మాడిపోయింది. ఆ ఏడు చేను బీడు. పుట్టి బుద్ధెరిగినకాన్నుంచి ఒకల చేనుల కూలికి పోనోళ్లు, ఇద్దరూ మిరపకాయ ఏరబోయిండ్రు. ఊరోళ్లు పేరు పెట్టిండ్రు, ఆఫీసర్ సారయ్య అని. నవ్వుకుంటనే చెప్పిండు నాకు. పూలమ్మ నవ్వలె.

"ఫోన్ల మాట్లాడినామె ఎవలో గని, తిట్టి పెట్టేసినా మేలుండె" అన్నది. "ఈయినకు పౌరుషమెక్కి తెల్లారే దున్నుతుండె. మంచిగ మాట్లాడవట్టే మునిగినం."

నేను ఆమె దిక్కు చూడలె. చాయ గిలాస దిక్కు చూసిన.

అనుండ్రి, అనుండ్రి. తప్పు ఫీల్డోళ్లది, పాఠానిది కాదు, అంతేనా? నేను గూడ రైలుల గదే అనుకుంట వచ్చిన. వరంగల్ వచ్చేదాక అనుకున్న.

గని సార్, ఆ కాల్ వచ్చిన రోజు నా ముందల స్క్రీన్ ఉండె. నెక్కొండకు ఆఫీసర్ ఎవలని చూస్తే పేరు లేదు. ఖాళీ. ఉన్నాయన మానేసి పోయి నెల రోజులు. నాకు కనిపిస్తాంది. కండ్ల ముందు కనిపిస్తాంది. ఫోన్ల చదవాలని మాకిచ్చిన కాయితం మీద "రెండు రోజుల్లో వస్తారు" అనే ఉండె, అదే చదివిన. గొంతు ఒణకలె. ఒణికితే మార్కులు పోతయి గదా! "బాపూ, ఇక్కడ ఎవలు లేరు, నువ్వు దున్నుకో" అని ఒక్క మాట అంటే ఏం పోతుండె? నాకు వంద పోతుండె. తొంభై వస్తుండె.

మంగళవారం రెండో ట్రయల్ చేసిన. ఐదుగురు. మీకు యాదగిరి తెలుసు, నోరు తెరిస్తే కొట్లాటనే. వాన్ని ముందట కూసోబెట్టుకొని నేను కోపమొచ్చిన రైతు లెక్క అరిసిన. వాడు అంతా విని, "మీ బాధ నాకు అర్థమైంది సార్, రెండు రోజుల్లో ఆఫీసర్ వస్తారు" అన్నడు. ఎంత మెత్తగ అన్నడో! నాకే నమ్మబుద్ధైంది. ఐదుగురికి తొంభై దాటినయి.

పాఠం మస్తు పనిచేస్తాంది సార్. నా పరేషానంతా గదే.

అందుకే మూడో ట్రయల్‌కు ఒక లైన్ కలిపిన, చదివిండ్రా? పది రోజులకు మల్ల ఆ రైతుకే ఫోన్ చేసి, చెప్పింది జరిగిందా అని అడగాలె. మార్కులు అప్పుడెయ్యాలె. గంతే. పెద్ద పనేం కాదు.

ఆఁ... పది రోజులెక్కడివి అంటాండ్రు. సోమవారమే బ్యాచ్. నిజమే.

పెన్ను ఇయ్యిండ్రి. లేదు సార్, కోపం లేదు. అలిసిపోయిన, గంతే. పిల్ల ఇంజినీరింగ్ రెండో ఏడు, నౌకరు ఇడిసేటంత ధైర్యం నాకెక్కడిది? ఇగో, పెట్టిన. తారీఖు గూడ ఏసిన.

ఆ రికార్డింగ్ మాత్రం తీసెయ్యుండ్రి. వేరేవాళ్లది ఏదన్న పెట్టుకోండ్రి. ముప్పై మంది ముందట నా గొంతు నేను వినలేను.

ఇంకో ముచ్చట సార్. ఇది ఎవలకూ చెప్పలె, మా ఆయినకు గూడ చెప్పలె. వచ్చేటప్పుడు సారయ్య ఆటో దాక తోలియ్యవచ్చిండు. మామూలుగ మాట్లాడిన గదా, నా గొంతు గుర్తువట్టలె. "ఆ ఫోన్ల మాట్లాడిన పిల్ల ఇంక మీ ఆఫీస్ల ఉన్నదా బిడ్డా?" అన్నడు.

నేనే బాపూ అనాలె. నోటి దాక వచ్చింది, ఒట్టు.

"లేదు బాపూ. మానేసి పోయింది" అన్న.

"అయ్యో, పాపం" అన్నడు. "మంచి పిల్లుండె."