లిఫ్టు గుమ్మంలో

లేవను బావా. ఎంత అరిచినా లేవను. గొంతు చించుకుంటే పోయేది నీ గొంతే, కాసేపట్లో ప్రసంగం చేయాల్సినవాడివి.

ఏమిటా చూపు? స్టూలు సగం లిఫ్టులో, సగం వరండాలో వేసుకుని కూర్చున్నాను, అంతేగా! ఆస్పత్రి ప్రారంభోత్సవం నాడు లిఫ్టు గుమ్మంలో బైఠాయించిన ఇంజనీరుని నువ్వెక్కడా చూసుండవు. నేనూ చూళ్ళేదు. స్విచ్ రూం తాళం జేబులో వేసుకుంటివి. లిఫ్టు ఆపమంటే ఆపనంటివి. మరి నాకింకేం మిగిలింది చెప్పు? మనిషి అడ్డంగా ఉన్నంతసేపూ ఈ తలుపు మూసుకోదు. తలుపు మూసుకోకపోతే ఇది కదలదు.

మామూలుగా అయితే.

ఆ, ఇప్పుడు అడుగు. మధ్యలో కరెంటు పోయి వస్తే నీ గతేమిటే అంటావా? అదే కదా బావా, వారం నుంచీ నేను నిన్నడుగుతున్నది!

మళ్ళీ మొదట్నించీ చెప్పమంటే చెబుతా. నీ కంపెనీ పాత మోడల్ లిఫ్టుల్లో తలుపుకో వైరుండేది. తలుపు తెరిచుంటే మోటారుకి కరెంటే అందేది కాదు. అంత తేలిక. నువ్వు ఆ వైరు తీయించేశావ్. ఈ పాతకాలం గొడవ దేనికి, సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది అన్నావ్. చూసుకుంటుంది, కాదన్లేదు. కానీ కరెంటు పోయి తిరిగొచ్చినప్పుడు దానికి పాత సంగతే గుర్తుంటుంది, తలుపు మూసుందని. సెన్సార్ ఒళ్ళు విరుచుకుని లేచి, కాదు, తెరిచుందీ అని చెప్పేలోపు ఇది కాస్తా బయల్దేరిపోతుంది. ప్రతిసారీ కాదు. ఎప్పుడో ఒకసారి. ఆ ఎప్పుడో ఒకసారే నా ప్రాణం తోడేస్తోంది.

స్ట్రెచర్ సంగతి మర్చిపోయావా? ఖాళీ స్ట్రెచర్ సగం లోపలికి తోసి, ఎలక్ట్రీషియన్ని కరెంటు తీసి వేయమన్నాను. లిఫ్టు దాని ముందు చక్రాలతో సహా పైకి లేచింది. వెనక చక్రాలు వరండాలోనే ఉన్నాయి. ఆ చప్పుడు! ఇనప గొట్టం ఎలా వంగిపోయిందో నువ్వు అరచేత్తో తడిమి మరీ చూశావ్. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా మళ్ళీ లేవలేదు, అది దాని టెక్కు. చూశావా, ఏమీ లేదు అన్నావ్. స్ట్రెచర్ని స్టోర్ రూంలోకి తోయించి తలుపేయించావ్.

అది ఖాళీది కాబట్టి సరిపోయింది. రేపు దాని మీద మనిషుంటాడు బావా. సెలైన్ సీసాతో, పక్కన పెళ్ళాంతో.

చాదస్తమా? నాకా? ఉంది. చాలా ఉంది. ఎక్కడ అంటుకుందో చెప్పనా? వినాల్సిందే. నన్ను దాటుకుని లోపలికి వెళ్ళలేవు, నన్నొదిలి బయటికీ వెళ్ళలేవు.

నా మొదటి ఉద్యోగం గుర్తుందా? సైకిల్ షాపు మీద మేడ గదిలో, కాటాలకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ. కంపెనీ అంటే ఏముంది, యజమాని పెద్దాయన, నేను, ఇంకో ఇద్దరు, ఒక రెక్క విరిగిన ఫ్యాను. అక్క పెళ్ళయిన కొత్తల్లో నువ్వు నన్ను స్కూటర్ మీద దింపేవాడివి. ఇదేం ఆఫీసే, బస్తాల గోడౌన్‌లా ఉంది అని ఎగతాళి చేసేవాడివి. ఆ పెద్దాయన రోజూ పొద్దున్నే చెప్పులు విప్పి కాటా ఎక్కేవాడు. మేం రాసినదాన్ని ముందు తన మీదే చూసుకునేవాడు. ఒకరోజు ఆయన బరువు పిల్లాడి బరువంత చూపించింది. మేం పడీ పడీ నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. ఇదే పసిపిల్లల ఆస్పత్రికి వెళ్ళుంటే, దీన్ని చూసి మందు కొలిస్తే ఏమయ్యేదమ్మా అన్నాడు. ఆ పూట నేను అన్నం తిన్లేదు.

చవక కాటాలొచ్చి ఆయన కొట్టు మూసేశాడనుకో. అది వేరే సంగతి.

ఆ తర్వాత పెద్ద కంపెనీ. అద్దాల గోడలు, మెళ్ళో కార్డు, గేటు దగ్గర కార్డు పెడితే కుయ్యిమని చప్పుడు. నువ్వు అందరికీ చెప్పుకునేవాడివి కదూ, మా మరదలు ఫలానా చోట అని? అక్కడ నేను చేసిందేమిటో ఎప్పుడైనా అడిగావా? మందులేసుకోమని ఫోన్లో గుర్తు చేసే యాప్. ఫోను గడియారం వెనక్కి జరిగితే అది మళ్ళీ మోగేది. వేసుకున్న మాత్ర మళ్ళీ వేసుకోమనేది. ముసలివాళ్ళకి గుర్తుంటుందా చెప్పు, వేసుకున్నామో లేదో! మీటింగులో లేచి చెప్పాను. మా మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మంచి పాయింట్ అన్నాడు. పెద్ద కంపెనీల్లో మంచి పాయింట్ అంటే ఏమిటో తెలుసా బావా? కూర్చో అని. మళ్ళీ చెప్పాను. చాలా మంచి పాయింట్ అన్నాడు. అంటే నోర్మూసుకో అని.

మూసుకోలేదు. రాసి పంపాను, పై వాళ్ళకి చెప్పాను, క్యాంటీన్లో పట్టుకుని చెప్పాను. చివరికి నన్ను తీసుకెళ్ళి బటన్ల రంగు మార్చే గుంపులో పడేశారు. ఆకుపచ్చలో ఏ ఆకుపచ్చ అయితే జనం ఎక్కువ నొక్కుతారో చూడాలి. అదీ ఉద్యోగం. ఎవరైనా ఆ మాత్ర రెండోసారి మింగారా? ఏమైనా అయిందా? నాకు తెలీదు. ఎవరూ చెప్పరు. ఒకరోజు పొద్దున గేటు దగ్గర కార్డు పెడితే కుయ్యిమనలేదు. నాలాగే ఇంకా చాలామంది కార్డులు పట్టుకుని బయట నిలబడ్డారు, సినిమా టికెట్లు దొరకనివాళ్ళలా. అలా తెలిసింది మమ్మల్ని తీసేశారని.

నవ్వుతున్నావా? నవ్వు. మూడోది వింటే ఇంకా నవ్వుతావ్.

అక్కడ కుర్చీల్లేవు. నేల మీద గింజల సంచుల్లాంటి మెత్తలు. గెడ్డం కుర్రాడొకడు యజమాని, నిక్కరేసుకుని తిరిగేవాడు. మనం ఉద్యోగులం కాదు, కుటుంబం అనేవాడు. నేను అప్పటికి నిండు గర్భిణిని. ఆ మెత్తలో కూలబడితే మళ్ళీ లేచే ప్రశ్నే లేదు, ఇద్దరొచ్చి చెరో చెయ్యీ పట్టుకుని లాగాలి. పురిటికి సెలవు కావాలన్నాను. ఆ కుటుంబంలో పురిటి సెలవుండాలన్న సంగతి ఎవరికీ తోచలేదట! నాకు పిల్ల పుట్టేసరికి కుటుంబమే లేదనుకో. తాళమేసేశారు.

ఆ తర్వాత పిల్ల, ఇల్లు, పిల్ల, ఇల్లు. ఎవరూ తీసుకోలేదు. మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారండీ అని అడిగేవాళ్ళు. మనిషిని పెంచానండీ అంటే అది పని కింద లెక్కలోకి రాదట.

అప్పుడు నువ్వొచ్చావ్.

అక్క వంటింట్లో నేను గిన్నెలు తోముతుంటే, లిఫ్టు బొమ్మ గీసిన కాగితం తెచ్చి గట్టు మీద పరిచావ్. నా చేతుల నిండా సబ్బు నురగ. నా దగ్గర తెలివైనవాళ్ళు బోలెడుమందున్నారే, భయపడేవాళ్ళు ఒక్కళ్ళూ లేరు, నువ్వు రా అన్నావ్. ఆ మాట... బావా, ఆ మాటకి నేను ఆ రోజు సింకు వైపు తిరిగి ఏడ్చాను. నువ్వు చూళ్ళేదు. ఇన్నాళ్ళూ ఏ గుణానికైతే అందరూ నన్ను అవతలికి నెట్టారో, ఆ గుణం కోసమే నువ్వు పిలిచావ్.

ఆఫీసులో సార్ అనమన్నావ్. అన్నాను. నాకన్నా చిన్నవాళ్ళ ముందు నన్ను కసురుకున్నావ్. పడ్డాను. ఎందుకు పడ్డానంటావ్?

ఆ, అదుగో, ఫోను. తియ్యి. అతిథులు బయల్దేరారా? దగ్గరికొచ్చేశారా? అక్క కూడా ఆ కార్లోనే ఉందా? ఉంటుందిలే. మొదట అక్కనే ఎక్కిస్తావ్, ఫొటోల కోసం.

చెయ్యి తియ్. స్టూలు లాగితే నేను కింద కూర్చుంటా. అంతకన్నా ఏం ఒరగదు నీకు. చెయ్యి తియ్ అన్నానా!

ఏమన్నావ్? మళ్ళీ అను.

కరెంటు పోదా? ఇవాళ పోనే పోదా? అంత గట్టిగా ఎలా చెబుతున్నావ్ బావా? ఈ వీధిలో రోజుకోసారైనా రెప్పలార్చని కరెంటుందా?

ఆగు. ఆగాగు. వెనక పెరట్లో ఆ జనరేటర్లేమిటి? పొద్దున నేను వచ్చేటప్పుడే చూశాను, తాళ్ళు కూడా విప్పలేదు. పెళ్ళిపందిరికి తెచ్చినట్టు రెండు. ఆస్పత్రికి తనదంటూ ఒకటుంది కదా. మళ్ళీ రెండు దేనికి?

నా వైపు తిరిగి చెప్పు.

లిఫ్టు కోసమా. అరక్షణం కూడా కరెంటు తెగకుండా, ఈ ఒక్క పూటకి.

అయ్యో బావా.

అంటే నన్ను నమ్మావన్నమాట. నేను చెప్పిన రోజే నమ్మావ్. ఏమీ లేదు, చాదస్తం, సెన్సార్ మీద దుమ్ము పడిందంతే అని నా మొహాన అంటూనే వెనక్కెళ్ళి జనరేటర్లు పురమాయించావ్. నమ్మకపోతే ఎందుకు తెప్పిస్తావ్? నీకు తెలుసు. నాకెంత తెలుసో అంతా నీకూ తెలుసు.

ఆ కళ్ళజోడు మేనేజరు నన్ను నమ్మలేదు బావా. అర్థం కాలేదు వాడికి, వదిలేశాడు. నువ్వు అర్థం చేసుకుని, నమ్మి, ఏర్పాట్లు చేసుకున్నావ్. నమ్మకపోయినా బాగుండేది.

రేపు బాగుచేయిస్తావా? రేపు జనరేటర్లు వెళ్ళిపోతాయి. రోగులొస్తారు. రేపంటే ఎల్లుండి, ఎల్లుండంటే ఇంకో ఆస్పత్రి ఆర్డరు. ఆ వైరు తిరిగి పెట్టాలంటే లిఫ్టు మొత్తం విప్పాలని నాకన్నా నీకే బాగా తెలుసు. ఒకసారి జనం ఎక్కడం మొదలుపెట్టాక విప్పనిస్తారా? విప్పితే ఎందుకూ అని అడగరా?

కోపమొచ్చిందా? రానీ. నాకూ వచ్చింది.

ఏమిటి? కార్డా?

ఇదిగో. తీసుకో. మెళ్ళోంచి తీయడానికి జడకి చిక్కుకుంది, ఆగు... ఇదిగో. నువ్వు అడగాల్సిన పన్లేదు, ఇలా అడుగుతావని పొద్దున ఇంట్లో చెప్పే వచ్చాను. మా ఆయన పిల్లకి బూట్లు తొడుగుతూ తలూపాడు.

సరే, ఉద్యోగం తీసేశావ్. బాగుంది. ఇంక నేను నీ ఇంజనీరుని కాను, నువ్వు నాకు సార్‌వి కావు. ఇప్పుడు ఈ గుమ్మంలో కూర్చున్నది నీ మరదలు. ఆఫీసు మనిషైతే వాచ్‌మన్ని పిలిచి లేపించేవాడివి. మరదల్ని ఎవరితో లేపిస్తావో లేపించు చూద్దాం. అక్క ముందు.

కార్లొచ్చాయి. తలుపుల చప్పుడు వినపడిందా? వెళ్ళు. వాళ్ళు నీకోసం చూస్తారు. కాలరు సరిచేసుకో, నలిగింది.

బావా.

ఎటు వెళ్తున్నావ్? వాకిలి అటు కదా! స్విచ్ రూం వైపు ఎందుకు? బావా, వద్దు, నేను గుమ్మంలో ఉన్నాను, ఆపి మళ్ళీ వేశావంటే... బావా!

లైటు పోయింది.

ఫ్యానూ ఆగింది. ఆగు, స్టూలు పట్టుకుని లేస్తున్నా. ఆ, లేచాను. వరండాలోకి వచ్చేశాను. స్టూలొక్కటే ఉంది అందులో. వేయకు బావా, వేయకు, వేయకు.

వేయలేదు.

తాళం పడిన చప్పుడు. బయటినుంచి వేశావా? ...అవును, స్విచ్ రూంకి తాళమేసి ఇటే వస్తున్నావ్.

నన్ను దాటి వాకిట్లోకి వెళ్ళొచ్చావే, ఏం చెప్పావ్ వాళ్ళకి? నాకిక్కడికి సగం వినపడింది. మెట్లెక్కమన్నావా? లిఫ్టు పని ఇంకా పూర్తవలేదన్నావా? ఎవరో నవ్వారు కదూ. ఎవరో, ఈ మాత్రానికి పిలవడం దేనికి అన్నారు. విన్నాను. నీ చెవులు ఎర్రగా ఉన్నాయి.

అక్క ఏమంది? చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లెక్కుతోందా? ఎక్కనీ.

కార్డు తిరిగి ఇస్తావేమో అనుకున్నాను. లేదా? జేబులోనే ఉంచుకుంటావా? నీ పరువు నలుగురిలో తీసినదాన్ని మళ్ళీ ఆఫీసులో కూర్చోబెట్టలేవు, అంతేగా. అర్థమైంది. నేనైనా అంతే చేసేదాన్నేమో. ఏమో.

వైరు మాత్రం పెట్టించు. ఇంకెవరితోనైనా సరే.

నా సంగతంటావా? వెతుక్కుంటాను, ఇంకో కంపెనీ. ముందు ఉద్యోగం ఎందుకు పోయిందమ్మా అని అడుగుతారు. లిఫ్టు గుమ్మంలో కూర్చున్నానండీ, లేవమంటే లేవలేదండీ అని చెబుతా. ఎవరిస్తారు ఉద్యోగం, ఆ మాట విన్నాక?

పోనీలే. జరుగు, నేనూ మెట్లెక్కుతా. అంతమందిలో అక్క పైన ఒక్కతే ఉంది.