ఫోనులో పడిన తూటు

జువ్వలదిన్నె హార్బరు కాడ, మాలకొండమ్మ టీ అంగట్లో యెహోషువ ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. బోటు నడిపే మనిషి. సముద్రంలో చేప ఎక్కడ పడేదీ, రాళ్లకు తగిలి వల ఎక్కడ చిరిగేదీ, పద్దెనిమిదేళ్ల గుర్తులన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి. ఫోన్లలో ఏదో తూటు పడిందంట, ఊరికే ఒక ఫోటో వచ్చినా దాని వెంట దొంగలు దూరతారంట, వెంటనే అప్‌డేట్ చేసుకోమని టీవీలో చెప్తా ఉన్నారు. చేస్తే గుర్తులు చెరిగిపోతాయేమోనని అతని భయం.

"నొక్కాల్నా, వద్దా?" అని పెంచలకృష్ణను అడిగినాడు. పెంచలకృష్ణ కావలిలో ఫోను కవర్లు అమ్ముతాడు.

"ఆ తూటును మొదట చూసింది నేనే అన్నా," అంటా అతను గ్లాసు కింద పెట్టినాడు. "మెమరీ అంటే బోటులో ఐసు పెట్టెల మాదిరి. ఎవురి పెట్టె వాళ్లది. ఆ దొంగ ఫోటో ఉండాదే, తన పెట్టె చాలక పొర్లి పక్క పెట్టెలో పడతాది. పడిందాన్ని ఫోను యజమాని మాటే అనుకుని చెప్పినట్టల్లా చేస్తాది. నేను గుండుసూదితో ఒక్క పోటు పొడిచినా. అంతే, పొర్లేది నిలిచిపోయింది."

ఐసు పెట్టెల మాట యెహోషువకు బాగా ఎక్కింది. దగ్గరికి జరిగినాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీవోళ్లు విమానమేసుకొచ్చి నా అంగడి ముందర వరస కట్టినారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. ఈలోపల ఆ తూటు టవరెక్కి ఊళ్లమీద పడింది గదా, చెన్నై నుంచి విశాఖ దాకా ఫోన్లన్నీ వాటిలో అవే మాట్లాడుకుని పెళ్లిసంబంధాలు కుదుర్చుకుంటా ఉంటే..."

"మరి నా గుర్తులు?"

"వస్తా ఉన్నా, ఉండన్నా. టవరెక్కి విసురువల ఏసినా. పడింది. వంజరం మాదిరి మెరస్తా నలభై కేజీలుండాది. ఐసులో పెడితే ఐసే వణికింది."

మాలకొండమ్మ టీ వడకడతా తలెత్తలేదు. "మొన్న ఆదివారం అప్‌డేట్ ఎక్కడ నొక్కాల్నో తెలీక మా కూతురు వినీల చేత నొక్కిచ్చుకున్నావే, అది ఈ చేపను పట్టకముందా, పట్టినాకనా అబ్బయా?"

బెంచీ మీదోళ్లు నవ్వినారు. యెహోషువ నవ్వలేదు. "నీ ఫోనులో ఏమన్నా పోయినాయా?" అనడిగినాడు.

"ఏం పోలేదన్నా," అన్నాడు పెంచలకృష్ణ, గొంతు తగ్గించి. "అయినా ముందు గుర్తులు కాగితం మీద రాసుకో. తర్వాత నొక్కు."

యెహోషువ మాలకొండమ్మ వైపు తిరిగినాడు. "ఇదన్నా నమ్మొచ్చా అక్కా?"

"నమ్ము," అని ఆమె కాగితం, పెన్ను అందించింది. "అది మా వినీల చెప్పిన మాటే."