గుమ్మం బయటి వరిపన

1974. కంకిపాడు దగ్గర ఒక పల్లెలో కోతల పండుగ. ఒక రైతు తన వరిపనను చర్చి గుమ్మం బయటే దించడం పాస్టరు చూశాడు.

“కానుక లోపలికి తేవేమయ్యా?”

“కాలవ అడుగంటినప్పుడు పక్క చేను సువార్తమ్మ మడవ మూసేసి, నీళ్ళు నా చేలోకి తిప్పుకున్నానండి అయ్యగారూ. ఆవిడ చేను ఎండిపోయింది.”

“తప్పని తెలీదా?”

“అందరూ చేసేదేనండి. ఊళ్ళో ఒక్కళ్ళు కూడా తప్పనలేదు.”

“తప్పు కానప్పుడు లోపలికి రావడానికేం?”

“ఊళ్ళో అయితే అనగలిగానండి. ఈ గుమ్మం దగ్గరికొచ్చేసరికి ‘అందరూ చేసేదే’ అన్న మాట నోట్లోంచి రావట్లేదు. సువార్తమ్మ వచ్చిందాండీ?”

“వచ్చింది. వట్టి చేతులతో వెనక కూర్చుంది.”

“ఈ పన ఆవిడ చేతికివ్వండి. నేనిచ్చానని మాత్రం చెప్పకండి.”

“ఆవిడకి చెప్పను, సరే. ప్రార్థనలో ప్రభువుకి ఇది ఎవరి పంటని చెప్పమంటావయ్యా?”